4051 జాతకం

చిన్నప్పుడు మా అమ్మ వెంట ప్రొద్దుటూరు బంగారం అంగళ్లకు పోయినప్పుడు నా కళ్లన్నీ గీటురాయి మీదే ఉండేవి. నగ మీద ఏం ముద్ర ఉందో ఆచారి ముందు చూసేవాడు కాదు. రాయి మీద ఒక గీత గీసి, దాని పక్కన తనకు తెలిసిన బంగారంతో ఇంకో గీత గీసి, రెండింటి మీదా ఆమ్లం చుక్క వేసేవాడు. ఆ తర్వాతే నోరు విప్పేవాడు. రెండో బొంబాయి అని పేరు పడ్డ ఊళ్లో మాటకు విలువ రావాలంటే ముందు గీత పడాలి. ఐసీల డేటాషీట్లు చదివేటప్పుడు నాకు ఆ రాయే గుర్తుకొస్తుంది. మొదటి పేజీ అంగడి బోర్డు లాంటిది. గీత పడేదంతా లోపలి పట్టికల్లో.

నేను చూపించాలనుకున్న నగ ఖరీదైనదేమీ కాదు. సీడీ 4051. ఆర్‌సీఏ కంపెనీ 1968లో మొదలుపెట్టిన 4000 శ్రేణిలోది. పదహారు కాళ్లు, ఎనిమిది దార్లు. మూడు కాళ్ల మీద 0, 1ల కలయికతో ఏ దారి కావాలో చెబితే, ఆ దారిని తెచ్చి ఉమ్మడి కాలికి కలుపుతుంది. మామూలు డిజిటల్ ఐసీకి ఉందా లేదా అన్నంత వరకు తెలిస్తే చాలు. దీని పని అంత తేలిక కాదు. ఇటు 2.37 వోల్టులు వస్తే అటు కూడా 2.37 గానే దాటించాలి. దాటించేటప్పుడు తన చెయ్యి తడి అంటకూడదు. అంటకుండా ఉండదు. ఎంత అంటుతుందో పైసలతో సహా రాసిపెట్టిన జాతకమే డేటాషీటు.

కాళ్ల వరసతోనే కొత్తవాళ్లు తప్పటడుగు వేస్తారు. ఒకటో కాలు నాలుగో దారి, రెండోది ఆరో దారి, మూడోది ఉమ్మడి, నాలుగోది ఏడో దారి, అయిదోది అయిదో దారి. అటుపక్క సున్నా దారి పదమూడో కాలి మీద ఉంటుంది. బొమ్మ చూడకుండా వరసగా వైర్లు కలిపినవాడికి ఆ రాత్రి నిద్ర ఉండదు. నాకు ఎక్కువ నచ్చేది ఏడో కాలు. ఎనిమిదో కాలు నేల. ఏడోది నేల కంటే కిందికి, మైనస్‌లోకి పోవడానికి. పదహారో కాలికి 5 వోల్టులు, ఏడుకు మైనస్ 5 ఇస్తే, నేలకు అటూ ఇటూ ఊగే పాటల సిగ్నల్‌ను కూడా సున్నా, 5 వోల్టుల మామూలు ఆజ్ఞలతోనే నడపొచ్చు. ఆజ్ఞ స్థాయిని సిగ్నల్ స్థాయికి మార్చే దుబాసీ ఒకడు లోపలే కూర్చున్నాడు. మైనస్ అక్కర్లేనివాళ్లు ఆ కాలిని నేలకు కట్టాలి. కట్టకుండా గాలికి వదిలేసి, ఐసీ చెడిపోయిందని పారేసినవాళ్లను చాలామందిని చూశాను.

పులివెందుల దగ్గర మా మామ చీనీ తోటకు ఒకసారి ఎనిమిది చోట్ల ఉష్ణోగ్రత చూసే పెట్టె చేసిచ్చాను. 25 డిగ్రీల దగ్గర పది వేల ఓమ్‌లు ఉండే థర్మిస్టర్లు ఎనిమిది, ఒక 4051, ఒకే ఒక పది వేల ఓమ్‌ల రెసిస్టర్, 5 వోల్టుల సరఫరా. తెల్లవారుజామున చూస్తే బాగానే ఉంది. మధ్యాహ్నం మామ ఫోను.

“ఏంరా అల్లుడా, నెత్తి మాడిపోతాంటే నీ పెట్టె 38 అంటాంది? అద్దం థర్మామీటర్లో 40 దాటి సూపిస్తాంది.”

“ఎన్నో దాంట్లో మామా?”

“ఎన్నోదేంది, ఎనిమిదీ అంతే.”

ఆ చివరి మాట విన్నాకే పట్టిక తెరిచాను. సెన్సర్ల తప్పయితే ఒకటో రెండో తప్పు చెప్పాలి గానీ, ఎనిమిదీ కూడబలుక్కుని ఒకే అబద్ధం చెప్పవు. పట్టికలో 5 వోల్టుల వరుస ఉంది. దారి తెరిచి ఉన్నప్పుడు రెసిస్టెన్స్ మామూలుగా 470 ఓమ్‌లు, గరిష్ఠంగా 1050. దాని కిందే ఇంకో వరుస: ఒక దారికీ ఇంకో దారికీ మధ్య తేడా 15 ఓమ్‌లు. ఎనిమిది దార్లూ ఒకే ఈత పిల్లల్లా ఉన్నాయి కాబట్టే ఎనిమిదీ ఒకే రకంగా అబద్ధమాడాయి. ఆ రకం థర్మిస్టర్ 40 డిగ్రీల దగ్గర సుమారు 5,300 ఓమ్‌లకు దిగుతుంది. దానికి వరసలో ఈ 470 చేరితే, పెట్టె లెక్కలో రెండు డిగ్రీల చల్లదనం వచ్చి చేరుతుంది. పొద్దున 20 డిగ్రీల దగ్గర థర్మిస్టర్ పన్నెండు వేల ఓమ్‌ల పైన ఉంటుంది కాబట్టి, ఆ 470 వల్ల డిగ్రీ కూడా తేడా రాదు. అందుకే పొద్దున చూసినప్పుడు నాకు దొరకలేదు. కడప జిల్లా మధ్యాహ్నం దొరకబుచ్చింది.

తప్పు ఐసీది కాదు, నాది. తన రెసిస్టెన్స్ ఎంతో అది ముందే చెప్పింది. నేను దాన్ని థర్మిస్టర్‌తో వరసలో పెట్టి, కొలిచే కరెంటు దాని గుండా పోనిచ్చాను. చేయాల్సింది ప్రతి థర్మిస్టర్‌కూ సొంత రెసిస్టర్ ఇచ్చి, అక్కడ తయారైన వోల్టేజిని మాత్రం 4051 గుండా పంపడం. అప్పుడు దాని గుండా కరెంటు దాదాపు పోదు. కరెంటు లేనిచోట 470 ఓమ్‌లున్నా, 1050 ఉన్నా ఒకటే. ఏడు రెసిస్టర్లు అదనంగా పడ్డాయి. రూపాయల్లో చెప్పుకునే ఖర్చు కాదు.

ఇంతకూ ఆ 470 ఎక్కడిది? ఇందులో రాగి రేకులు తగిలి విడిపోయే స్విచ్ లేదు. ఒక్కో దారికి రెండు ట్రాన్సిస్టర్లు పక్కపక్కన ఉంటాయి, ఒకటి ఎన్ రకం, ఒకటి పీ రకం. సిగ్నల్ అడుగున ఉన్నప్పుడు ఎన్ బాగా తెరుచుకుంటుంది, పైకి పోయేకొద్దీ నీరసపడుతుంది. పీ దానికి తలకిందులు. ఒకటి చేతులెత్తేసే చోట రెండోది భుజం పెడుతుంది. పీ రకంలో కరెంటు నడక సహజంగా మందకొడి, అందుకని దాన్ని వెడల్పుగా గీసి జోడు కుదురుస్తారు. 15 వోల్టులిస్తే ఇద్దరికీ బలం సరిపోయి 125 ఓమ్‌ల దగ్గర గీత దాదాపు చదునుగా ఉంటుంది. 5 వోల్టులే ఇస్తే మధ్యలో ఇద్దరికీ అరకొర బలమే, గీత ఎద్దు మూపురంలా లేస్తుంది. నా సిగ్నల్ సరిగ్గా ఆ మూపురం మీదే ఊగుతోంది. పట్టికలో అంకె కంటే ముందు దాని పక్కనున్న షరతుల గడి చదవాలని నేను మొండికేసేది ఇందుకే. సరఫరా ఎంతో చెప్పని రెసిస్టెన్స్ అంకె, రాయి మీద గీయని నగతో సమానం.

మూసిన దారి కథ వేరు. ఏ డ్యాము గేటు కిందైనా కాస్త తడి ఉన్నట్టే, మూసిన స్విచ్ గుండా కూడా కాస్త కరెంటు కారుతుంది. 18 వోల్టుల దగ్గర, 25 డిగ్రీల్లో, 4051 పట్టిక చెప్పే మామూలు అంకె 0.01 నానో ఆంపియర్. గరిష్ఠం 100 నానో ఆంపియర్లు. పదివేల రెట్లు! మొదటిసారి చూసి అచ్చుతప్పేమో అనుకున్నాను. కింద చిన్న అక్షరాల్లో వివరణ ఉంది: ఫ్యాక్టరీలో ఆటోమేటిక్ పరీక్ష యంత్రం కొలవగలిగిన కనిష్ఠమే ఈ హద్దుకు ఆధారమట. అంటే ఐసీ అంత కారుతుందని కాదు, అంతకంటే సన్నంగా లక్షల ఐసీలను వేగంగా కొలిచి పూచీ పడలేమని. తనకు నమ్మకమున్నంత వరకే సంతకం పెట్టి, మిగతాది మామూలు గడిలో వదిలేసిన ఆ ఒక్క వాక్యం రాసిన ఇంజినీరంటే నాకు గౌరవం. 85 డిగ్రీలకు అదే హద్దు 1000 నానో ఆంపియర్లు. వేడి పది డిగ్రీలు పెరిగితే కారుడు రెట్టింపని పనివాళ్ల లెక్క. 25 డిగ్రీల గదిలో కొలిచిన అంకెను మా ఎండాకాలం 45 డిగ్రీల పెట్టెలోకి తెస్తే నాలుగింతలు వేసుకోవాలి.

ఈ రెండు లోపాల్లో మొదటిదాన్నైనా, ఆ రెసిస్టెన్స్‌నైనా చంపొచ్చు కదా అంటే, అక్కడే ఉంది పనితనమంతా. అనలాగ్ డివైసెస్ వారి రెండు ఐసీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఏడీజీ 1408 రెసిస్టెన్స్ 4 ఓమ్‌లు. ఏడీజీ 1208ది 120. రెండూ ఎనిమిది దార్లవే, ఒకే ఇంటివే. నాలుగు ఓమ్‌లది చేయగలిగినవాళ్లు నూటఇరవైది ఎందుకు చేసినట్టు? రెసిస్టెన్స్ తగ్గాలంటే ట్రాన్సిస్టర్ వెడల్పవ్వాలి. వెడల్పయితే దాన్ని తెరిచి మూసే గేటు పెద్దదవుతుంది. పెద్ద గేటు మూసుకునేటప్పుడు తన దగ్గరున్న చార్జిని సిగ్నల్ మీదికి చిమ్ముతుంది, తలుపు ధడాలున వేస్తే గదిలో దీపం రెపరెపలాడినట్టు. 1208 చిమ్మేది ఒక పికో కూలంబ్ లోపే. అది నూరు పికో ఫ్యారడ్ కెపాసిటర్ మీద పడినా పది మిల్లీ వోల్టులు దాటదు. సన్నని సెన్సర్‌కు ఆ ఐసీ, బలమైన సిగ్నల్‌కు 1408. రెంటిలో ఏది గొప్పదని అడిగేవాడికి జవాబు లేదు.

జమ్మలమడుగులో ఆంప్లిఫయర్లు బాగుచేసే స్నేహితుడికి మాత్రం ఈ గొడవలేవీ పట్టవు. అతని బల్ల మీదికొచ్చే పాత స్టీరియోల్లో రేడియో, టేపు, సీడీల మధ్య మారేది 4051కి తమ్ముడైన 4052తోనే. దాని తర్వాత 47 వేల ఓమ్‌ల భారం ఉంటుంది. మామ తోటలో నా పరువు తీసిన 470 ఓమ్‌లు అక్కడ నూటికి ఒకటి, చెవికి ఆనదు. అతని దెబ్బ వేరే చోట తగిలింది. 12 వోల్టుల ఆంప్లిఫయర్‌లో సీడీ 4052 పోతే, చేతికి దొరికిన 74హెచ్‌సీ 4052 పెట్టాడు. చివరి నాలుగంకెలూ అవే, కాళ్ల వరసా అదే. కరెంటివ్వగానే పొగ. హెచ్‌సీ జాతి రెసిస్టెన్స్ చాలా తక్కువ, నాలుగున్నర వోల్టులకే మామూలుగా 70 ఓమ్‌లు. కానీ మొత్తం సరఫరా పదకొండు వోల్టులు దాటితే తట్టుకోలేదు. సీడీ జాతి ఇరవై దాకా ఓర్చుకుంటుంది. చుట్టరికం పేరు చూసి పిల్లనిచ్చినట్టయింది అని తర్వాత అతనే నవ్వాడు.

మొన్న తోటకు పోయినప్పుడు మామ డ్రిప్పు వాల్వులు మారుస్తున్నాడు. ఒక బోరు, ఎనిమిది లైన్లు. ముందు తర్వాతి లైను వాల్వు తెరిచి, నీళ్లు పారడం చూసి, అప్పుడు పాత లైను మూశాడు. రెండూ మూసి ఉంటే ఒత్తిడికి పైపు పగులుతుంది. నా ఐసీ సరిగ్గా దీనికి తలకిందులు మామా అన్నాను. పాత దారి మూసుకున్నాకే కొత్తది తెరుచుకుంటుంది. మధ్యలో రెప్పపాటులో కోటో వంతు దేనికీ కలవకుండా ఉంటుంది. మంచి డేటాషీట్లలో ఆ ఖాళీకి వేరే గడి, నానో సెకన్లలో.

మామ వాల్వు బిగిస్తూనే అన్నాడు: “మా లైన్లలో పారేది ఒకే బోరు నీళ్లు గదరా, కలిసినా నష్టం లేదు. నీ ఎనిమిది తీగల్లో ఎనిమిది మాటలుండాయి.”