ఈగ పేరు, శారద పేరు

ఇల్లలుకుతూ తన పేరు మరచిపోయిన ఈగ కథ మనకు అమ్మమ్మల నోటి నుంచి వచ్చింది. ఈగ ఎందరినో అడుగుతుంది. చివరకు గుర్రం కడుపులోని పిల్ల ‘ఇహిహీ’ అని సకిలించగానే పేరు గుర్తుకొస్తుంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథకు ఈ పాత కథే పునాది.

పెళ్లయి, ఇల్లలికి, ముగ్గులు పెట్టి, పేరు మరచిన ఇల్లాలి కథ ఇది. దీనిని భార్యాభర్తల కథగా చదవడమే పరిపాటి. అయితే మనం ఆగవలసిన చోటు తల్లి జవాబు. పేరడిగిన కూతురికి ఆమె చదువు, కట్నం, పురుళ్ల లెక్క చెబుతుంది గాని పేరు చెప్పదు. పిల్లలకు తెలిసింది ‘అమ్మ’ అన్న మాటే. ఈగకు పుట్టని పిల్ల పేరందించింది. ఇక్కడ పుట్టిన పిల్లలూ అందించలేరు. ‘శారద’ అని గుర్తుచేసేది చిన్ననాటి స్నేహితురాలు. తల్లికి ప్రేమ లేదని కాదు. తనకు దక్కనిదాన్ని కూతురికి ఎలా ఇవ్వగలదు?

పట్టుమగ్గాల దొడ్డబళ్ళాపురంలో ఇంట తెలుగు, బడిలో కన్నడం వినే విద్యార్థినికి ఇందులో మరో ప్రశ్న ఉంది. కన్నడంలో ఈగ ‘నొణ’. గుర్రం ఎంత సకిలించినా ఆ పేరు రాదు. కనుక ఈ కథను తెలుగులో చెప్పే తల్లి కావాలి. కాని భాషతోపాటు పేరు మరచే అలవాటునూ ఆమె అప్పగిస్తే, ఇల్లు అలికినట్టే గాని పండగ అయినట్టు కాదు.