ఇంటి పన్ను కాగితం చదివిపెట్టేవాళ్లు

హైదరాబాద్ పాతబస్తీలో ఇంటి పన్ను తగాదా చాలాసార్లు ముందుగదిలో పుడుతుంది. వీధి వైపు ఓ కుట్టుమిషనో, చిన్న కిరాణా అరో ఉంటుంది. వెనక కుటుంబమంతా కాపురం. బల్దియా (జీహెచ్‌ఎంసీ) లెక్కలో ఆ ఇల్లు మొత్తం కమర్షియల్‌గా ఎక్కిందంటే పన్ను ఒక్కసారిగా పెరుగుతుంది. నివాసానికి 17 నుంచి 30 శాతం దాకా ఉన్న శ్లాబులు పోతాయి, అద్దె రేటూ వ్యాపారానిదే కడతారు. 2016లో ఏడాది పన్ను 1,200 రూపాయల లోపున్న నివాసాలకు 101 రూపాయలు చాలన్నారు. ఆ ఊరటా దక్కదు.

కట్టకపోతే నెలకు 2 శాతం వడ్డీ.

ఇలాంటి ఇంటికి సాయంగా వెళ్లే వాలంటీర్ చట్టంతో మొదలుపెడితే పని జరగదు. ముందు డబ్బాలోని కాగితాలన్నీ కింద పరిపించాలి: పాత రసీదులు, కరెంటు బిల్లు, నల్లా బిల్లు, రిజిస్ట్రేషన్ పత్రం. కరెంటు కనెక్షన్ ఇంటి కేటగిరీలో ఉంటే అది గట్టి ఆధారం. అన్నదమ్ములు గోడ పెట్టుకుని పంచుకున్న ఇంట్లో ఇంటి పన్ను గుర్తింపు నంబర్లు (పీటీఐఎన్) సరిచూడాలి, ఒకే గదికి రెండు బిల్లులు రావచ్చు. ఆ తర్వాత నోటీసు మీది తారీఖు. పన్ను పెంచుతూ ఇచ్చే స్పెషల్ నోటీసుకు అభ్యంతరం చెప్పడానికి గడువు 15 రోజులే. చదవలేక దాన్ని ట్రంకుపెట్టెలో దాచిన ఇంటికి ఆ గడువు ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. పేదవాళ్లు ఓడిపోతున్నది ఎక్కువగా ఇక్కడే.

‘ప్రాపర్టీ టాక్స్ పరిష్కారం’ పేరిట జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసుల్లో కొన్నేళ్లు ఆదివారాలు అర్జీలు తీసుకున్నారు. అది మంచి పద్ధతి, కూలి పోదు. 2020లో, మళ్లీ 2022లో బకాయి వడ్డీలో 90 శాతం మాఫీ చేశారు. అయితే అసలు మొత్తం కట్టాలి. ఆ అసలే తప్పుగా వేసినదైతే? మాఫీకి సంతోషించి కట్టేసేముందు అర్జీ పెట్టమని చెప్పే మనిషి పక్కన కావాలి.

అలాంటి సాయం కోసం అమెరికాలో 1998 నాటి చట్టంతో తక్కువ ఆదాయం వాళ్ల పన్ను తగాదాలు చూసే క్లినిక్కులకు ప్రభుత్వమే గ్రాంటు ఇస్తోంది. ఇక్కడ 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఇంటి పన్ను గొడవతో సతమతమయ్యే అమ్మలకు, ఖాలాలకు ఈ మాట ముందే చెప్పాలి. రాసిచ్చిన అర్జీ జిరాక్సు మీద ఆఫీసు ముద్ర, తారీఖు వేయించి వాళ్ల చేతికివ్వడం కూడా వాలంటీర్ పనే.