ఒక పాత ఉత్తరం, మా అక్క బయోడేటా

మా అక్క పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా ముగించింది. హోసూరులో ఉద్యోగానికి పంపాలని బయోడేటా తయారుచేసి నాకు చూపింది. అదే వారం మా ఇంగ్లీషు టీచరు, లియొనార్డో డావిన్చీ ఉద్యోగం కోసం రాసిన ఉత్తరం గురించి చెప్పారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఏది బాగుంది, ఏది బాగాలేదు అని నాకు తోచింది రాస్తున్నాను.

ఆ ఉత్తరం సుమారు 1482 నాటిది. అప్పుడు లియొనార్డోకి ముప్ఫై ఏళ్లు. మిలాన్‌ను ఏలుతున్న లుడోవికో స్ఫోర్జాకు రాశాడు. ముసాయిదా ఇప్పటికీ మిలాన్‌లోని ఆంబ్రోజియానా గ్రంథాలయంలో ఉంది. చేతిరాత మాత్రం ఆయనది కాదంటారు. మనం కంప్యూటర్ సెంటరులో టైపు చేయించుకున్నట్టే అనుకోవచ్చు!

అందులో నాకు నచ్చింది, ఊరికే పొగుడుకోకుండా ఏ పని చేయగలడో చెప్పడం. తేలిగ్గా మోసుకుపోయే వంతెనలు కట్టడం, కందకంలో నీళ్లు తీసేయడం, చప్పుడు కాకుండా సొరంగం తవ్వడం, ఇలా ఒక్కొక్కటీ నంబరు వేసి చెప్పాడు. ఆ దొరకు అప్పుడు కావలసింది యుద్ధం పని. అది తెలుసుకుని రాశాడు. నమ్మకం లేకపోతే మీరు చెప్పిన చోట చేసి చూపిస్తానని కూడా అన్నాడు. ధైర్యం అంటే ఇదే కదా.

కానీ లోపమూ ఉంది. అప్పటికి ఆయనకు పేరున్నది చిత్రకారుడిగా. ఆ మాటను మాత్రం చివర్లో చిన్నగా పెట్టాడు. దొర తండ్రి జ్ఞాపకార్థం కంచు గుర్రం చేయవచ్చని కూడా రాశాడు. 1493 నాటికి దాని మట్టి నమూనా తయారైంది. 1494లో ఆ కంచు ఫిరంగులకు పోయింది. 1499లో ఫ్రెంచి సైనికులు ఆ మట్టి గుర్రాన్ని బాణాలతో కొట్టి పాడుచేశారు. ఈరోజు జనం మిలాన్ వెళ్లి చూసేది ఆయన గోడ మీద వేసిన ‘చివరి విందు’ చిత్రాన్ని. చివర్లో చిన్నగా చెప్పిన పనే నిలిచింది.

ఇక మా అక్క బయోడేటా. మొదట్లోనే కష్టపడే తత్వం, నాయకత్వ లక్షణాలు, కొత్తవి నేర్చుకునే ఆసక్తి అని ఉంది. అక్క స్నేహితురాలి కాగితంలోనూ అవే మాటలు, అదే వరుసలో! పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది. అలాంటి మాటల్లో బలం ఏముంది? పోయిన ఎండాకాలం పక్క తోటలో బోరు మోటారు ఆగిపోతే, స్టార్టర్ విప్పి, కాలిపోయిన రిలే మార్చి నడిపించింది మా అక్కే. ఆ సంగతి ఎక్కడా లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకొకటి. తెలిసిన భాషలు అన్న చోట తమిళం, ఇంగ్లీషు మాత్రమే ఉన్నాయి. పదో తరగతి దగ్గర తెలుగు మీడియం అన్న మాట తీసేసింది.

“ఎందుకక్కా?” అంటే, “అట్ల రాస్తే పిలవరంట. ఇంటర్వ్యూకి పోయేది నువ్వా, నేనా?” అనింది.

అక్క భయం అబద్ధం కాదు. ఉద్యోగం రాకపోతే ఇంట్లో కష్టం ఎవరికి తెలియదు? అయినా నేను ఒప్పుకోలేదు. మా నాయన పూల మండీలో అక్క చీటీలు రాసేటప్పుడు చూశాను. రైతుతో తెలుగు, వ్యాపారితో తమిళం, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లతో కన్నడం. ఒక్క నిమిషంలో మూడు భాషలు! ఫ్యాక్టరీలోనూ మూడు భాషలవాళ్లు పనిచేస్తారు. అది బలం కాదా?

లియొనార్డో తన అసలు విద్యను చివర్లోనైనా పెట్టాడు. మా అక్క పూర్తిగా కొట్టేసింది. అదే చెప్పాను. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత మోటారు సంగతి రాసింది, భాషల్లో తెలుగు, కన్నడం చేర్చింది. మీడియం సంగతి మాత్రం ఇంకా రాయలేదు. “అడిగితే చెప్తాలే” అంటోంది.

ఇంకో మూడేళ్లకో నాలుగేళ్లకో మనమూ బయోడేటా రాస్తాం. అప్పుడు ఆ గడిలో మన బడి గురించి ఏం రాస్తామో ఇప్పుడే ఆలోచించుకుంటే మంచిది.