"అమ్మాయి" చిత్రమున ఆంగికము

మొవ్వకు చేరువనున్న కూచిపూడిలో నాట్యము నెరిగినవారు ఆంగికమును ముక్కలుగా జూడరు. పాదము, కటి, హస్తము, దృష్టి యేకకాలమున గానవచ్చినగాని గతి తెలియదు. ఈ కొలతతో 2022లో వెలువడిన రాంగోపాల్ వర్మగారి "అమ్మాయి" చిత్రమును పరిశీలింపదగును. నేరగాండ్ర నెదిర్చు నాయిక బ్రూస్ లీ నారాధించు యువతి. ఆ పాత్రను ధరించిన పూజా భలేకర్ టైక్వాండో విద్యను నిజముగా నభ్యసించిన నటి. ఇట్టివారు లభించుట యరుదు. అయినను ఛాయాగ్రాహకయంత్రము ఆమె విద్యను విడిచి దేహమును వెన్నాడినది. కాలెత్తిన క్షణమున చలనమును మందగింపజేయుటచే దెబ్బకు బలము పోయినది. ప్రతిపక్షులు పడుటకై వేచియున్నట్లు తోచుదురు. వీరము శృంగారాభాసమునకు లోబడినది.

దీనిని ధనలోపముగా నెంచరాదు. బెజవాడ సిద్ధార్థ కళాశాలలో ఇంజనీరింగు చదివిన యీ దర్శకుడే 1989లో "శివ" యందు నాగార్జునచే ఒక సైకిలు గొలుసును లాగించెను. (గొలుసు వెల యెంత?) రౌద్రమునకు స్థాయి క్రోధము. "శివ"లో నాయకుడు కొంతకాలము సహించెను. కావున క్రోధము ముందు నిలిచి, పోరు పిదప వచ్చినది. "అమ్మాయి"లో పోరు ముందు నడచుచుండ, కారణము వెనుక నీడ్వబడుచున్నది.