రాకెట్టు నమూనా చెప్పని సంగతులు

నస్పూర్ బొగ్గు గనుల ఊరు. శ్రీరాంపూర్ ప్రాంతపు సింగరేణి గనులలో పనిచేయు కార్మికుల కుటుంబములు అచ్చట అనేకము కలవు. ఆ ఊరి ఉన్నత పాఠశాల విద్యార్థులు హైదరాబాదులోని అంతరిక్ష ప్రదర్శనశాలను చూడవలెనన్న, తెల్లవారుజామున మంచిర్యాలలో రైలెక్కి, నాలుగైదు గంటలు ప్రయాణము చేసి, సాయంకాలమునకు మరల రైలు నందుకొనవలెను. ప్రదర్శనశాలలో గడుపుటకు మిగులునది మూడు నాలుగు గంటలు మాత్రమే. అందుకగు ఖర్చు తల్లిదండ్రుల కష్టార్జితము. పాఠశాల జీవితములో ఇట్టి అవకాశము చాలమందికి ఒక్కసారియే వచ్చును. కావున ఆ మూడు గంటలలో పిల్లలు ఏమి చూచెదరు, ఏమి చూడకయే తిరిగివచ్చెదరు అనునది ఉపాధ్యాయులు ముందుగా ఆలోచింపదగిన విషయము.

చూడదగిన స్థలములు ముఖ్యముగా మూడు. మొదటిది హైదరాబాదులో నౌబత్ పహాడ్ అను గుట్టపై గల బి. ఎం. బిర్లా విజ్ఞాన కేంద్రము. అచ్చటి తారామండలము 1985లోను, విజ్ఞాన ప్రదర్శనశాల 1990లోను ప్రారంభమైనవి. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ సహకారముతో అంతరిక్ష ప్రదర్శనశాల 2019లో చేరినది. రెండవది శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్టుతో అచ్చట ప్రయోగములు ఆరంభమైనవి. 2002లో ఆ కేంద్రమునకు సతీశ్ ధావన్ పేరు పెట్టిరి. మూడవది కేరళలోని తుంబా. 1963 నవంబరు 21న అమెరికాలో తయారైన నైకీ-అపాచీ రాకెట్టును అచ్చటినుండి ప్రయోగించిరి. ఆనాడు శాస్త్రజ్ఞులు కార్యాలయముగా వాడుకొన్న చర్చి భవనమే నేడు అంతరిక్ష ప్రదర్శనశాల. నస్పూర్ వారికి తుంబా చాల దూరము. శ్రీహరికోటకు దిగవలసిన సూళ్లూరుపేట స్టేషను మంచిర్యాల మీదుగా పోవు ఢిల్లీ-చెన్నై రైలుమార్గముననే కలదు. కాని ఒక రాత్రి ప్రయాణము, ముందుగా అనుమతి అవసరము. ఒక్క దినములో ముగియునది హైదరాబాదు ప్రయాణమే.

స్థలము ఏదైనను, ఇట్టి ప్రదర్శనశాలలలో ప్రధానముగా కానవచ్చునవి నమూనాలు. తెల్లని రంగు వేసిన రాకెట్టు నిటారుగా నిలిచియుండును; ప్రక్కన దాని పొడవు, బరువు, ప్రయోగించిన తేదీ వ్రాసియుండును. ఆకారమును చూపుటలో నమూనా నిజమే చెప్పును. కాని రాకెట్టు అనునది ఆకారము మాత్రమే కాదు. నమూనా చెప్పజాలని సంగతులు కనీసము నాలుగు కలవు. ఆ నాలుగింటిలోనే విజ్ఞానము ఎక్కువగా ఉన్నది.

మొదటిది పాళ్ళు. పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు పొడవు 44 మీటర్లు, బరువు సుమారు 320 టన్నులు. దానిని ఇరువదవ వంతుకు తగ్గించి నమూనా చేసినచో 2 మీటర్ల 20 సెంటీమీటర్ల ఎత్తు ఉండును. పొడవు, వెడల్పు, మందము మూడును ఇరువదేసి వంతులు తగ్గును గనుక, బరువు 8,000 వంతులు తగ్గి 40 కిలోలు కావలెను. ఈ లెక్కను విద్యార్థులు తరగతిలోనే చేయగలరు. అంతకన్న ముఖ్యమైన లెక్క మరియొకటి కలదు. 1980 జూలై 18న భారతదేశము తన రాకెట్టుతో మొదటిసారి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. ఆ ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు బరువు 17 టన్నులు. అది మోసిన రోహిణి ఉపగ్రహము 35 కిలోలు. అనగా సుమారు 486 కిలోల రాకెట్టుకు ఒక్క కిలో ఉపగ్రహము. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసిన ఎల్.వి.ఎం.-3 బరువు సుమారు 640 టన్నులు, చంద్రయాన్ బరువు సుమారు 3,900 కిలోలు. ఇచ్చట 164 కిలోలకు ఒక కిలో. నలుబది ఏండ్ల కృషి ఈ రెండు సంఖ్యల నడుమ ఇమిడియున్నది. రెండు నమూనాలను ప్రక్క ప్రక్కన నిలిపినను ఈ సంగతి కంటికి కనబడదు.

రెండవది నిప్పు. నమూనాలో నిప్పు ఉండదు. గాలి నిండిన గదిలో నిలిచిన రాకెట్టును చూచిన బాలుడు, అది క్రిందనున్న గాలిని నెట్టి పైకి లేచునని తలచుట సహజము. 1920లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కూడ ఇట్లే తలచి, శూన్యములో రాకెట్టు పనిచేయదని గాడర్డ్ అను శాస్త్రజ్ఞుని ఎగతాళి చేసినది. మనుష్యులు చంద్రునివైపు ప్రయాణము సాగించుచుండగా, 1969 జూలై 17న ఆ పత్రిక తన పొరపాటును ఒప్పుకొన్నది. రాకెట్టు తాను వెలిగ్రక్కు వాయువులను వెనుకకు నెట్టి, ఆ ప్రతిచర్యచేత ముందుకు సాగును. బయటి గాలితో దానికి పనిలేదు.

ఈ విషయమును బోధించుటకు నస్పూర్ కన్న అనువైన ఊరు అరుదు. బొగ్గుబాయిలో ఒక భాగమున బొగ్గు తనంత తాను వేడెక్కి రాజుకొన్నప్పుడు, ఆ భాగమునకు గోడలు కట్టి గాలి పోకుండ మూసివేయుదురు. గాలి అందని నిప్పు క్రమముగా చల్లారును. ఒక కిలో కర్బనము పూర్తిగా మండుటకు సుమారు 2.7 కిలోల ఆమ్లజని కావలెను. గనిలో ఆ ఆమ్లజనిని గాలియే ఇచ్చుచున్నది. గాలి లేని చోటికి పోవు రాకెట్టు దానిని తన వెంటనే మోసికొని పోవలెను. అందుచేత పి.ఎస్.ఎల్.వి. వంటి రాకెట్ల ఘన ఇంధనములో దాదాపు మూడింట రెండు వంతులు అమ్మోనియం పెర్‌క్లోరేట్ అను ఆమ్లజని నిచ్చు పదార్థమే. ఎల్.వి.ఎం.-3 పై దశలో ఒక కిలో ద్రవ ఉదజనికి సుమారు ఐదు కిలోల ద్రవ ఆమ్లజని ఖర్చగును. రాకెట్టు బరువులో ఎక్కువ భాగము, భూమిపై మనము ఖర్చు లేకుండ పీల్చుకొను ఆమ్లజనిని అందించు పదార్థములే. గని గోడను గూర్చి తండ్రివలన వినియున్న విద్యార్థి, ఈ ఒక్క పోలికతో రాకెట్టు రహస్యములో సగము గ్రహింపగలడు. గోడ కట్టి ఆర్పుటకు వీలులేని నిప్పు ఇది.

మూడవది స్థలము. శ్రీహరికోట భూమధ్యరేఖకు దగ్గరగా ఉండుటచేత అచ్చట ప్రయోగింతురని విద్యార్థులు సాధారణముగా చెప్పుదురు. ఇది సగము నిజము. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది. భూమధ్యరేఖపై ఆ వేగము సెకనుకు సుమారు 465 మీటర్లు. శ్రీహరికోటలో సుమారు 452. 19 డిగ్రీల అక్షాంశమునకు సమీపమున ఉన్న నస్పూర్‌లో సుమారు 440. తేడా పండ్రెండు మీటర్లే. మరి నస్పూర్ నుండి రాకెట్టును ఏల ప్రయోగింపరాదు? ఖాళీ అయిన దశలు క్రింద పడుటకు తూర్పున సముద్రము కావలెను. నస్పూర్‌కు తూర్పున ఊళ్ళు, పొలములు, అడవులు ఉన్నవి. దక్షిణముగా ధ్రువకక్ష్యకు పోవునపుడు శ్రీహరికోటకును చిక్కు కలదు. శ్రీలంకపై పోకుండ రాకెట్టు త్రోవ మళ్ళవలెను. అందుకు ఇంధనము వ్యర్థమగును. ఈ కారణముచేతనే తమిళనాడులోని కులశేఖరపట్టణములో చిన్న రాకెట్ల కొరకు మరియొక ప్రయోగకేంద్రమునకు 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగినది. గోడపై ఒక పటము వ్రేలాడుచున్నచో, ఈ పాఠమంతయు దానిముందు నిలిచి చెప్పవచ్చును.

నాలుగవది వైఫల్యము. జయించిన రాకెట్టును నిలబెట్టుట సులభము. సముద్రములో పడినదానిని నిలబెట్టుట కష్టము. ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగము 1979 ఆగస్టు 10న విఫలమైనది. రెండవ దశను అదుపు చేయు వ్యవస్థలో లోపము ఏర్పడి రాకెట్టు బంగాళాఖాతములో పడినది. పదకొండు నెలలలో లోపమును సవరించి రెండవదానిని జయప్రదముగా పంపిరి. పి.ఎస్.ఎల్.వి. మొదటి ప్రయోగము కూడ 1993 సెప్టెంబరు 20న విఫలమైనది. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 దిగుడు నౌక చంద్రునిపై కూలినది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 నెమ్మదిగా దిగినది. అనుభవము గడించిన పిమ్మట కూడ ప్రమాదము తొలగలేదు: 2025 మే 18న పి.ఎస్.ఎల్.వి.-సి 61 మూడవ దశలో లోపము వలన విఫలమైనది. విజ్ఞానము తన తప్పును తాను వెదకికొని సవరించుకొను పద్ధతి. ఆ పద్ధతిని విడిచి విజయములను మాత్రమే చూపినచో, అది మహాత్ముల కథగా మిగులును.

వైఫల్యముతో పాటు స్మరింపవలసిన మరియొక సంగతి కలదు. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలో ఘన ఇంధనపు పని జరుగుచుండగా ప్రమాదము సంభవించి ఆరుగురు మరణించిరి. నిప్పుతో పనిచేయుటలోని అపాయము గని కార్మికుల పిల్లలకు క్రొత్త కాదు. రాకెట్టు వెనుక కూడ అట్టి పనివారు ఉన్నారని తెలిసినచో, ఆ తెల్లని నమూనాను వారు మరియొక దృష్టితో చూతురు.

ఇంతమాత్రమున ప్రదర్శనశాల నిరుపయోగమని చెప్పుట న్యాయము కాదు. పుస్తకములోని బొమ్మకన్న ఎదుట నిలిచిన వస్తువు బలముగా మనస్సున నాటుకొనును. దశలు ఒకదానిపై నొకటి ఎట్లు అమరునో నమూనా చక్కగా చూపును. తారామండలములో తెలుగు వ్యాఖ్యానముతో ఆకాశమును చూచుట తరగతిగదిలో లభింపని అనుభవము. లోపము నమూనాలో కాదు, నమూనాయే సర్వమని తలచుటలో ఉన్నది. ప్రశ్న లేక వచ్చినవానికి అది ఫొటోకు వెనుక తెరగా మాత్రమే ఉపయోగపడును. ప్రశ్నతో వచ్చినవానికి సమాధానములో సగమైనను ఇచ్చును.

కావున ప్రయాణపు ఏర్పాట్లు రైలు టిక్కెట్లతో గాక ప్రశ్నలతో ఆరంభింపవలెను. బయలుదేరుటకు వారము ముందు తరగతిని నాలుగు జట్లుగా విభజించి, పైని చెప్పిన పాళ్ళు, నిప్పు, స్థలము, వైఫల్యము అను నాలుగు విషయములను జట్టుకొకటి చొప్పున అప్పగింపవచ్చును. గాలి ఊదిన బుడగను వదలి ప్రతిచర్యను, గ్లాసు క్రింద కొవ్వొత్తి ఆరుటను ముందుగా చూపవలెను. తారామండలపు ప్రదర్శన వేళలను విచారించి, మిగిలిన సమయమును దానినిబట్టి అమర్చుకొనవలెను. లోపల మొదటి అరగంట అందరును స్వేచ్ఛగా చూడవలెను. పిమ్మట ప్రతి జట్టు తన ప్రశ్నకు సంబంధించిన రెండు మూడు వస్తువులయొద్దనే నిలిచి, బొమ్మ గీసికొని, అంకెలు వ్రాసికొనవలెను. అన్నిటిని చూడవలెనన్న తొందర అనవసరము. సమాధానము దొరకని ప్రశ్నను కొట్టివేయక, దొరకలేదని వ్రాసికొనుట కూడ చూచుటలో భాగమే. తిరుగు రైలులో జట్లు తమ వ్రాతలను ఒకరికొకరు చదివి వినిపించుకొనవచ్చును.

ఫలితమును పరీక్షించుటకు వేరు పరీక్షాపత్రము అక్కరలేదు. ఆ రాత్రి ఇంటికి చేరిన విద్యార్థి, షిఫ్టు ముగించి వచ్చిన తండ్రితో, గోడ కట్టినచో గనిలోని నిప్పు ఏల ఆరునో, గాలి లేని చోట రాకెట్టు నిప్పు ఏల ఆరదో తన మాటలలో చెప్పగలిగినచో, ఆ కుటుంబము పెట్టిన ఖర్చు సార్థకమైనట్లే.