'మా అమ్మ హౌస్‌వైఫ్': ప్లేస్‌మెంట్ పాఠాలపై కొన్ని ఆలోచనలు

సాహిత్యంలో డాక్టరేట్ చేసిన వాళ్ళం చాలామందిమి ఇవాళ ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల్లో 'కమ్యూనికేషన్ స్కిల్స్' చెప్పుకుని బతుకుతున్నాం. ఇంటర్న్‌షిప్‌లకీ, క్యాంపస్ ఇంటర్వ్యూలకీ పిల్లల్ని తయారుచేయడం మా పని. రెజ్యూమె రాయిస్తాం, గ్రూప్ డిస్కషన్ పెడతాం, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేస్తాం. దీనికి వాడే నమూనా జవాబుల కట్టలు ఎవరు రాశారో తెలియదు. ఒకప్పుడు జిరాక్సు కాగితాలుగా, ఇప్పుడు పీడీఎఫ్‌లుగా ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి పోతుంటాయి. ఇరవై ఏళ్ళ ఆడపిల్లలు ఏ కథా సంకలనాన్నీ చదవనంత శ్రద్ధగా చదివి కంఠతా పట్టే వచనం ఇదే. పాఠ్యపుస్తకాల్లో స్త్రీ చిత్రణ గురించి మనం చాలా రాసుకున్నాం. బతుకుతెరువుకి తలుపు తీసే ఈ కాగితాల్ని మాత్రం విమర్శకు పనికొచ్చే రచనగా చూడలేదు.

ముందు స్వపరిచయం సంగతి. నేను చూసిన నమూనాలన్నీ దాదాపు ఒకటే. పేరు, ఊరు, మార్కులు, ఆ తర్వాత కుటుంబం. మా నాన్న ఫలానా పని చేస్తారు, మా అమ్మ హౌస్‌వైఫ్. ఈ మధ్య దాన్ని 'హోమ్‌మేకర్' అని మార్చారు, అంతే తేడా. నాన్న దగ్గర ఖాళీ గీత ఉంటుంది. రైతు, డ్రైవర్, మేస్త్రీ, ఏదైనా నింపుకోవచ్చు. అమ్మ దగ్గర ఖాళీ ఉండదు. అక్కడ మాట ముందే అచ్చయి ఉంటుంది.

ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఈ వాక్యం తడుముకోకుండా అప్పజెప్పింది. తర్వాత మాటల్లో తెలిసింది, వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి బీడీలు చుడుతోందని. మరి హౌస్‌వైఫ్ అన్నావేం అని అడిగాను. "ఇంట్లనే కూసొని చేస్తది కద మేడం, అది జాబ్ కాదు కద" అంది.

తునికాకు తడిపి, కొలత ప్రకారం కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టి, వెయ్యికి ఇంత అని కూలి తీసుకునే పని అది. ఇచ్చిన ఆకు చాలకపోతే సొంత డబ్బుతో కొనుక్కోవాలి. బాగాలేవని తీసి పక్కన పడేసిన బీడీల లెక్క కూడా చూసుకోవాలి. ముడిసరుకు, నాణ్యత, గడువు, లెక్క. ఈ మాటలే మేము క్లాసులో 'ఇండస్ట్రీ రెడీనెస్' పేరుతో చెబుతాం. పరిశ్రమలో శిక్షణకి వెళ్ళబోయే కూతురు మొదటి నిమిషంలోనే తల్లి చేసిన పారిశ్రామిక శ్రమను లేనిదిగా చెప్పేస్తోంది. అది ఆ పిల్ల సొంతంగా అన్న మాట కూడా కాదు, మేము నేర్పిందే.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనలో చాలామందికి స్త్రీల మాటల్ని ఎలా వినాలో నేర్పింది. ఉద్యమంలో పాల్గొన్న స్త్రీల నోటి నుంచే చరిత్రను చెప్పించిన పుస్తకం అది. అలాంటి పుస్తకాల మీద థీసిస్‌లు రాసి, పొద్దున్నే క్లాసుకెళ్ళి 'మై మదర్ ఈజ్ ఎ హోమ్‌మేకర్' అని పలికించే ఉద్యోగం చేస్తున్నాం. ఈ వైరుధ్యం గురించి సెమినార్లలో ఎవరమూ మాట్లాడుకోం.

ఈ శిక్షణ పనికిమాలినదని నేను అనడం లేదు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన పిల్లకి, కుర్చీలో కూర్చుని ముగ్గురు అపరిచితుల ముందు గొంతు వణక్కుండా మాట్లాడటం నిజంగా పెద్ద సంగతి. పలుకుబడి ఉన్న మేనమామ గానీ, కంపెనీలో పనిచేసే అన్నయ్య గానీ లేనివాళ్ళకి ఇంటర్న్‌షిప్ ఎక్కడ వెతకాలో, ఎవరికి ఉత్తరం రాయాలో చెప్పేది కాలేజీ ఒక్కటే. పైగా ఇది ఐచ్ఛికం కూడా కాదు. ఆంధ్రప్రదేశ్ 2020-21 నుంచి డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. 2024లో కేంద్రం మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం నెలకు 5,000 రూపాయలు ప్రకటించింది. హైదరాబాదులో ఆడపిల్లల హాస్టలు ఫీజు తెలిసినవాళ్ళు ఆ అంకెను పక్కన పెట్టుకుని చూడండి. అందుకే ఈ పాఠాల్లో ఏముందన్నది చిన్న విషయం కాదు.

నమూనా జవాబుల్లో ఇంకో వాక్యం ఉంది. 'ఎక్కడికి పంపినా వెళ్తాను, ఏ షిఫ్టులోనైనా చేస్తాను.' తప్పకుండా అవును అనాలి. ఆలోచించి చెబుతానంటే ఆత్మవిశ్వాసం లేదనుకుంటారట. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్త్రీలను సాధారణంగా రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా పనిలో పెట్టుకోకూడదంది. అందులోని రక్షణ పేరిట పెట్టిన ఆంక్షను మనమే విమర్శించాం. 2020లో చేసిన వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. స్త్రీలు తమ సమ్మతితో, భద్రతా ఏర్పాట్లకు లోబడి రాత్రి పని చేయవచ్చని దాని సారాంశం. నేను దాన్ని ఆహ్వానిస్తాను. కానీ ఆ చట్టంలో బరువంతా సమ్మతి అనే మాట మీద ఉంది. ఆ సమ్మతిని ఉత్తుత్తి ఇంటర్వ్యూలోనే, కంపెనీ పేరు కూడా తెలియకముందే, మేము కంఠతా పట్టించేశాం.

ఎక్కడికైనా, ఎప్పుడైనా వెళ్ళగల ఆ అభ్యర్థి ఎవరు? సాయంత్రం ఇంటికెళ్ళి వంట చేయనక్కర్లేని, ఆఖరి బస్సు గురించి ఆందోళన పడనక్కర్లేని, పరాయి ఊళ్ళో గది అద్దెకి అడిగితే ఎవరూ ఎగాదిగా చూడని వ్యక్తి. విద్యాలయాల కాగితాలు మొదటినుంచీ ఆ వ్యక్తి కోసమే తయారయ్యాయి. దీనికి అక్షరాలా సాక్ష్యం మన తెలుగు మనిషిదే ఒకటుంది. 1943లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసిన అయ్యలసోమయాజుల లలిత డిగ్రీ పత్రం మీద 'అతడు' అని అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి చేత్తో 'ఆమె' అని రాశారు. అచ్చు వేసేటప్పుడు ఆమె ఎవరి ఊహలోనూ లేదు.

లలిత కథని స్ఫూర్తిపాఠంగా చెప్పడం ఇప్పుడు మామూలైంది. పద్దెనిమిదేళ్ళకి భర్త పోయాడు, చేతిలో నాలుగు నెలల పాప, అయినా ఇంజనీరయింది, పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు. నాకు ఈ కథలో ఆసక్తి కలిగించేది పట్టుదల కాదు, ఏర్పాట్లు. తండ్రి పప్పు సుబ్బారావు గారు అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు, సీటు కోసం ప్రిన్సిపాల్‌తో మాట్లాడింది ఆయనే. చదువులో భాగంగా జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది ప్రాక్టికల్ శిక్షణ చేసింది. ఇవాళ్టి మాటలో అది ఇంటర్న్‌షిప్పే. మొదటి ఉద్యోగం సిమ్లాలో, అక్కడ సోదరుడి ఇల్లు ఉంది. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరింది, అక్కడ ఇంకో సోదరుడు ఉన్నాడు. ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్లు డిజైన్ చేసి, 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల సమావేశానికి వెళ్ళిన మనిషి, ఏ ఊళ్ళో పని చేయాలన్నది ఆ ఊళ్ళో తనదనే ఇల్లు ఉందా అన్నదాన్ని బట్టి నిర్ణయించుకుంది. ప్రొఫెసరు తండ్రీ, పెద్ద నగరాల్లో సోదరులూ లేని బీడీ కార్మికురాలి కూతురికి ఆ ఏర్పాటు ఎవరు చేయాలి? పట్టుదల పాఠం ఈ ప్రశ్నని దాటేస్తుంది.

మరి ఏం నేర్పాలి? ఇంటర్వ్యూ చివర 'మీరేమైనా అడగాలనుకుంటున్నారా' అంటారు. నమూనా కట్ట ప్రకారం అప్పుడు కంపెనీ ఎదుగుదల గురించి ఒక తీయని ప్రశ్న అడగాలి. అసలు అడగవలసినవి వేరే ఉన్నాయి. పని వేళలు కాగితం మీద ఇస్తారా, స్టైపెండు ఏ తేదీన వస్తుంది, షాప్‌ఫ్లోర్ దగ్గర ఆడవాళ్ళకి టాయిలెట్ ఉందా, అంతర్గత ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం శిక్షణలో ఉన్నవాళ్ళు కార్మికులు కారంటుంది. 2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం మాత్రం ట్రైనీని, అప్రెంటిస్‌ని, జీతం లేకుండా పనిచేసేవాళ్ళని కూడా ఉద్యోగులుగానే లెక్కిస్తుంది. పదిమంది కంటే తక్కువున్న చోటయితే జిల్లా స్థాయి కమిటీ దగ్గరకి వెళ్ళవచ్చు. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు, కారణం చూపిస్తే ఇంకో మూడు. రెండు నెలల ఇంటర్న్‌షిప్ చేసిన పిల్లకి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టవలసినవాడే వేధించినవాడైతే, ఆ గడువు ఆమెకి ఏ రకంగా కరిగిపోతుందో ఊహించండి. ఆప్టిట్యూడ్‌కి నలభై గంటలు కేటాయించిన చోట దీనికి ఒక్క గంట లేదు.

ఈ గంట కోసం నేను అడిగినప్పుడు ప్లేస్‌మెంట్ ఆఫీసరు, మంచాయనే, "ఇలాంటివి అడిగితే ఆ కంపెనీ మళ్ళీ మన కాలేజీ మెట్లెక్కదు మేడమ్" అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు. నలుగురికి వచ్చే అవకాశం ఒకరి ప్రశ్న వల్ల పోతే ఆ పిల్ల క్లాసులో తల ఎత్తుకోలేదు. అందుకే ఈ ప్రశ్నలు అమ్మాయి నోటి నుంచి కాదు, కాలేజీ సంతకం పెట్టే ఒప్పందం నుంచి రావాలని నా అభిప్రాయం. ఆ ఒప్పందం కాగితం చూపించమన్నాను. మూడు పేజీలు. విద్యార్థుల సంఖ్య, తేదీలు, హాజరు, క్రమశిక్షణ, కంపెనీ రహస్యాలు బయటపెట్టకూడదన్న హామీ ఉన్నాయి. రవాణా, వసతి, ఫిర్యాదుల కమిటీ ఊసు లేదు. విద్యార్థిని అనే మాటా లేదు, అంతటా విద్యార్థే. నాలుగో పేజీకి ఏం రాయాలో ఇంగ్లీషు, తెలుగు శాఖల వాళ్ళం కొందరం కూర్చుని ముసాయిదా తయారుచేస్తున్నాం. లా చదివిన స్నేహితురాలు ఒకరు చూసిపెడుతున్నారు. ఇలాంటి పేజీ ఇప్పటికే మీ కాలేజీలో ఉంటే, దయచేసి మాకు పంపండి.