నీటి చల్లదనము - లోహముల పొత్తు

ఇంటి కంప్యూటరును నీటితో చల్లార్చుటకు విడిభాగములు కొనువారు పెక్కుమంది పంపు బలమును, రంగుదీపములను చూచి మురియుదురు. ఈ ఎంపికలో అసలు విషయము మరుగున పడుచున్నది.

ఒక గ్రాము నీరు ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కుటకు 4.18 జౌళ్ల ఉష్ణము కావలెను. నిమిషమునకు ఒక లీటరు చొప్పున పారు నీరు 200 వాట్ల వేడిని గ్రహించియు సుమారు 3 డిగ్రీలే వేడెక్కును. ప్రవాహమును అంతకు మించి పెంచినను కలుగు లాభము స్వల్పము. వేడిని గాలికి అప్పగించు రేడియేటరు వైశాల్యమే ముఖ్యము. అదియు నీటిని గదిలోని గాలికంటె చల్లబరచజాలదు.

ఇంతకంటె పెద్ద పొరపాటు లోహముల పొత్తు. ప్రాసెసరుపై రాగి దిమ్మ నుంచి, చవుక యని అల్యూమినియం రేడియేటరును తగిలించినచో, నీటి మూలమున ఆ రెండును కలిసి విద్యుద్ఘటమగును. రాగి ప్రామాణిక విభవము +0.34 వోల్టులు, అల్యూమినియమునకు -1.66, కావున అల్యూమినియమే క్షయించును. స్వేదనజలము ఈ చర్యను మందగింపజేయును గాని మాన్పదు. కర్మాగారములో మూసి అమ్ము కొన్ని పరికరములందును ఈ పొత్తు కలదు. అచ్చట క్షయనిరోధక ద్రవ్యమే రక్ష.

విడిభాగములు కూర్చుకొనువారికి రాగితో రాగి, ఇత్తడి పొత్తే క్షేమము. రేడియేటరుకు చిల్లు పడిననాడు తడియునది కంప్యూటరే గదా!